జ్వరం వస్తే ఒంటిమీద నల్లమచ్చ వెతకండి
గడ్డిలో దాగిన నల్లి - స్క్రబ్ టైఫస్

వరి కోతలు మొదలయ్యాయంటే కృష్ణా పశ్చిమ డెల్టాలో రైతులు, కూలీలు తెల్లవారుజాము నుంచి పొద్దుగూకే దాకా పొలంలోనే ఉంటారు. తెనాలి మండలం సంగం జాగర్లమూడి నుంచి రేపల్లె వరకు ఇదే వరస. కోత, కట్టివేత, కుప్ప, పశువులకు పచ్చగడ్డి మోపు. ఈ హడావుడిలో ఏ పురుగో కుట్టిందని ఎవరూ పట్టించుకోరు. పది రోజుల తర్వాత జ్వరం వస్తే "మంచులో తిరిగాం కదా, రెండు మాత్రలు వేసుకుంటే పోతుందిలే" అనుకుంటారు. కొందరి విషయంలో ఈ నిర్లక్ష్యమే ప్రాణం మీదకు తెస్తుంది.

2025 నవంబరు, డిసెంబరు నెలల్లో మన రాష్ట్రంలో అనేక జిల్లాల్లో స్క్రబ్ టైఫస్ కేసులు బయటపడ్డాయి. విజయనగరం, పల్నాడు జిల్లాల్లో మరణాలు కూడా సంభవించాయి. ఇది కొత్త జబ్బు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో వేలమంది సైనికులను మంచాన పడేసింది ఇదే.

ఎలా వస్తుంది?

మిరపలో నల్లి, వరిలో కంకినల్లి రైతులకు తెలిసినవే. అవి మొక్కల రసం పీలుస్తాయి. ఆ కోవకే చెందిన మరో రకం నల్లి ఎలుకల మీద, మనుషుల మీద పడుతుంది. మంచాల్లో ఉండే నల్లికీ దీనికీ సంబంధం లేదు. ఇందులో పెద్ద పురుగు కుట్టదు, పిల్ల పురుగే కుడుతుంది. అది దాదాపు మిల్లీమీటరులో ఐదో వంతే ఉంటుంది గనుక కంటికి ఆనదు. గట్ల మీద గడ్డి, మురుగు కాలువల పక్క తుంగ, ఎలుకలు తిరిగే పొదలు దాని నివాసం. గడ్డి కొనల మీద కాచుకుని ఉండి, తగిలిన ఒంటికి అంటుకుంటుంది. ఒంటిమీద పాకి మొలతాడు కట్టే చోట, గజ్జల్లో, చంకల్లో, మోకాలి వెనుక మెత్తటి చర్మం చూసుకుని పడుతుంది. రెండు మూడు రోజులు అక్కడే ఉంటుంది. ఆ నల్లిలో ఓరియెన్షియా అనే సూక్ష్మజీవి ఉంటే జబ్బు సోకుతుంది. ఒకరి నుంచి మరొకరికి మాత్రం అంటదు. రోగిని వెలివేసినట్టు చూడనక్కర్లేదు.

లక్షణాలు

కుట్టిన 6 నుంచి 21 రోజుల్లోపు, ఎక్కువ మందికి పది పన్నెండు రోజులకు, చలితో జ్వరం వస్తుంది. తలనొప్పి, ఒళ్లు నొప్పులు, గజ్జల్లో బిళ్లలు కట్టడం ఉంటాయి. మలేరియా, టైఫాయిడ్, డెంగీ కూడా ఇలాగే మొదలవుతాయి కాబట్టి పోల్చుకోవడం కష్టం. పోల్చుకునే గుర్తు ఒక్కటుంది. కుట్టిన చోట చుట్టతో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎరుపు. అది నొప్పి పెట్టదు, దురద ఉండదు. అందుకే రోగికే తెలియదు. ఆడవాళ్లకు రొమ్ముల కింద, నడుము దగ్గర ఉండవచ్చు. డాక్టరుకు చెప్పుకోవడానికి మొహమాటపడితే ఏఎన్ఎంకు గాని, ఆశా కార్యకర్తకు గాని చూపించాలి. అయితే మచ్చ అందరికీ ఉండదు. మచ్చ లేదు కాబట్టి జబ్బు లేదనుకోకూడదు.

ఆయాసం, మగత, పొంతనలేని మాటలు, కళ్లు పచ్చబడటం, మూత్రం తగ్గడం ప్రమాద సూచనలు. ఇవి కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకుండా తెనాలి జిల్లా ఆస్పత్రికి గాని, గుంటూరు సర్వజనాసుపత్రికి గాని చేర్చాలి. అసలు చికిత్స అందకపోతే సగటున వందలో ఆరుగురు చనిపోతారని అంచనా. కొన్ని చోట్ల అంతకు ఎన్నో రెట్లు నమోదైంది.

చికిత్స

సంతోషించాల్సిన సంగతి ఏమిటంటే దీనికి మందు ఉంది, అదీ చవక మందే. పెద్దవాళ్లకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, సాధారణంగా వారం రోజులు ఇస్తారు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. పిల్లలకు మోతాదు డాక్టరే నిర్ణయించాలి. తొలి రోజుల్లోనే మొదలుపెడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. దిగింది కదా అని కోర్సు మధ్యలో ఆపకూడదు. జబ్బు ముదిరిన వారికి ఈ రెండు మందులనూ సెలైన్ ద్వారా కలిపి ఇస్తే మేలని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యుల నాయకత్వంలో మన దేశంలోనే జరిగిన పరిశోధన 2023లో తేల్చింది.

ఊళ్లో మామూలుగా చేసే పెన్సిలిన్ జాతి ఇంజెక్షన్లు దీని మీద పనిచేయవు. ఈ సూక్ష్మజీవి మన కణాల లోపల దాక్కుంటుంది. నాలుగు రోజులు ఇంజెక్షన్లు చేయించుకుంటూ కూర్చుంటే ఆ నాలుగు రోజులూ జబ్బు ముదురుతుంది. ఎలీసా రక్తపరీక్ష కూడా తొలి వారంలో తేలకపోవచ్చు. కాబట్టి డాక్టరు దగ్గర రోగి చెప్పే మాటకే విలువ ఎక్కువ. "కోతకు వెళ్లాను, గడ్డి కోశాను" అని అడగకపోయినా చెప్పాలి.

నివారణ

దీనికి టీకా లేదు. జాగ్రత్తలే మందు.

* గడ్డి కోసేటప్పుడు నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు వేసుకుని, ప్యాంటు అంచు మేజోళ్లలోకి దోపుకోవాలి.
* గట్టు గడ్డి మీద నేరుగా కూర్చోవద్దు, పడుకోవద్దు. పట్టా పరుచుకోవాలి. విప్పిన చొక్కా, తువ్వాలు గడ్డి మీద వేయవద్దు.
* ఇంటికి రాగానే సబ్బుతో రుద్ది స్నానం చేయాలి. పొలం బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేయాలి.
* దోమల కోసం అమ్మే పూతల్లో డీట్ అనే మందు ఉన్నవి చేతులకు, కాళ్లకు రాసుకోవచ్చు. పైరుకు కొట్టే పురుగుమందులు మాత్రం ఒంటికి గాని, బట్టలకు గాని పూయడం ప్రాణాంతకం.
* ఇల్లు, పశువుల కొట్టం, గడ్డివాము చుట్టూ పిచ్చిమొక్కలు తీసేయాలి. ఆ తర్వాతే ఎలుకల మందు పెట్టాలి. ఎలుకలను మాత్రమే చంపి గడ్డి వదిలేస్తే నల్లి పిల్లలు మరో ఒంటి కోసం కాచుకుంటాయి.

మిగతా పురుగులు కుడితే

చీమ, దోమ, గొంగళి వంటివి కుడితే సబ్బు నీళ్లతో కడిగి తడిగుడ్డ వేస్తే చాలు. గోకితే పుండవుతుంది. తేనెటీగ ముల్లు గుచ్చుకుంటే వెంటనే గోటితో గీరి తీసేయాలి. కందిరీగలు గుంపుగా కుట్టినా, ఒక్కటే కుట్టి ముఖం వాచి ఊపిరి అందకపోయినా 108కి ఫోన్ చేయాలి. పసరు, సున్నం రాస్తూ కాలయాపన చేయరాదు.

పైరులో తెగులు కనిపిస్తే ఆకు తిప్పి చూడటం రైతుకు అలవాటే. ఈ కోతల కాలంలో జ్వరం రెండు రోజులు దాటితే ఒంటినీ అలాగే తిప్పి చూసుకోవాలి. మచ్చ కనిపించినా, కనిపించకపోయినా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.