దెబ్బల నొప్పి అలవాటవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. దెబ్బల నొప్పిని ఓర్చుకోవడం సాధనతో వస్తుందా?
– ఒక పాఠకుడు, కిమ్ (సూరత్ జిల్లా)

జవాబు: కొంతవరకు వస్తుంది. 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆరోగ్యవంతుల చేత ఆరు వారాలు సైకిల్ తొక్కించి చూశారు. నొప్పి మొదలయ్యే స్థాయి మారలేదు, దాన్ని భరించే శక్తి మాత్రం పెరిగింది. పరుగు, స్కిప్పింగ్, మెల్లగా మొదలుపెట్టే స్పారింగ్ అందుకే మేలు. బరిలో ఉన్నంతసేపూ ఎండార్ఫిన్లు, ప్రత్యర్థి మీది ధ్యాస నొప్పిని అణచిపెడతాయి. అసలు బాధ ఇంటికొచ్చాకే తెలుస్తుంది.

గాయం సంగతి వేరు. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయానికి శస్త్రచికిత్స చేయించుకుని, చాలాకాలం రింగుకు దూరంగా ఉన్నారు. ప్రపంచ టైటిళ్లు ఆ తర్వాతే, 2022, 2023లలో వచ్చాయి.

తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి అయినా సాధన ఆపించి వెంటనే డాక్టరుకు చూపించండి.