రాయలవారి సముద్రపు వాకిలి – పులికాట్

చంద్రగిరి కోట చూడని విద్యార్థి మన కాలేజీలో ఉండడేమో! రాజమహల్ ముందు ఫోటో తీయించుకుని, సాయంత్రానికి హాస్టలు చేరుకుంటాం. కాని అక్కడ కొలువుతీరిన రాయలకు సముద్రపు వాకిలి ఎక్కడ ఉండేదని ఎవరమూ అడగం. ఆ వాకిలే పులికాట్. తమిళులు పళవేర్కాడు అంటారు, మనవాళ్ళు ప్రళయకావేరి అంటారు. ఊరు తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాలో ఉన్నది. దానిని ఆనుకొన్న సరస్సులో ఎక్కువ భాగం మాత్రం మన ఆంధ్రప్రదేశ్‌లోనే కలదు.

విజయనగర కాలంలోనే ఇక్కడి నుంచి మలక్కాకు నూలుగుడ్డలు ఓడలలో పోయేవి. చెట్లు, ముస్లిం వర్తకులు, తరువాత పోర్చుగీసువారు ఇక్కడ కాపురముండి వ్యాపారం చేశారు. తళ్ళికోట యుద్ధం (1565) తరువాత రాజధాని పెనుకొండకు, అక్కడినుంచి చంద్రగిరికి, పిమ్మట వేలూరుకు మారింది. రెండవ వెంకటపతి రాయలు 1610లో డచ్చివారికి పులికాట్‌లో వర్తకం చేసుకొనుటకు అనుమతి ఇచ్చారు. పోర్చుగీసువారు ఊరుకుంటారా? 1612లో శాంథోము నుంచి వచ్చిపడి డచ్చి స్థావరాన్ని ధ్వంసం చేశారు. మరుసటి ఏడే, 1613లో, గెల్డ్రియా కోట లేచింది. 1690లో నాగపట్టణానికి మారేవరకు కోరమండల్ తీరంలో డచ్చివారి ముఖ్యస్థానం ఇదే.

అంతదూరం నుంచి వాళ్ళు ఇక్కడికే ఎందుకు వచ్చారు? లవంగం, జాజికాయ పండేది ఇండోనేషియా దీవులలో. ఆ దీవులవారికి ఐరోపా సరుకు మీద మోజు లేదు. వారికి కావలసింది మన గుడ్డ. అందుచేత డచ్చివారు వెండి, బంగారం తెచ్చి ఇక్కడ గుడ్డ కొని, ఆ గుడ్డ ఇచ్చి అక్కడ మసాలాలు కొన్నారు. అంటే ఐరోపావారి వంటింట్లోని లవంగం వెనుక మన సాలెవాని మగ్గం ఉన్నదన్నమాట. మధ్యన బేరం కుదిర్చినవారిలో అచ్యుతప్ప చెట్టి, ఆయన తమ్ముడు చిన్నన్న చెట్టి పేర్లు ప్రసిద్ధం. వీరు తెలుగు బలిజలు.

గుడ్డలే కాదు, మనుషులు కూడా ఓడ ఎక్కారు. 17వ శతాబ్దంలో కరువులు, యుద్ధాలు వచ్చినప్పుడు తిండిలేక అమ్ముడుపోయినవారిని డచ్చివారు బానిసలుగా బటేవియాకు (నేటి జకార్తా) తరలించారు. కరువంటే ఏమిటో మన రాయలసీమ వాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. పులికాట్ వైభవం చదివేటప్పుడు ఈ సంగతి మరువరాదని నా అభిప్రాయం.

1825లో ఈ ఊరు ఆంగ్లేయుల వశమైంది. అప్పటికే మద్రాసు పెద్ద రేవు అయిపోయింది. నేడు కోట స్థానంలో ముళ్ళచెట్ల మధ్య దిబ్బలు మిగిలాయి. చూడవలసింది డచ్చి శ్మశానం. వాకిలికి ఇరువైపులా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి! లోపల సమాధిరాళ్ళ మీద వంశచిహ్నాలు, డచ్చి అక్షరాలు ఎంతో నాజూకుగా చెక్కారు. పురావస్తు శాఖ దీనిని రక్షిత కట్టడంగా కాపాడుతున్నది.

సరస్సు గురించి సైన్సు విద్యార్థిగా ఒక మాట. ఇది చిలకా తరువాత మన దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. లోతు తక్కువ. పెద్ద ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేస్తే, పడవలలో సరుకు చేర్చేవారు. అలలు తీరం వెంబడి ఇసుకను మోసుకొచ్చి సరస్సు ముఖద్వారాన్ని పూడుస్తాయి. వానాకాలపు ఏటి వరద దానిని తోసి తెరుస్తుంది. వరద చాలకపోతే దారి మూసుకుంటుంది, ఎండలకు నీరు ఆవిరై ఉప్పదనం పెరుగుతుంది, సముద్రం నుంచి రొయ్యపిల్ల లోపలికి రాలేదు. జాలరికి పూట గడవదు. ఆ వరద తెచ్చే యేళ్ళలో ఒకటి ఆరణి, మన పిచ్చాటూరు దగ్గర ఆనకట్ట ఉన్నది దాని మీదనే. మేము సేద్యగాళ్ళం, ఆనకట్ట నిండితే పండగ చేసుకుంటాం. దిగువన వల పట్టుకుని అదే నీటికోసం ఎదురుచూసేవాడు ఒకడున్నాడని మాకు తోచదు.

వెళ్ళదలచినవారు పొన్నేరి దాకా రైలులో పోయి, అక్కడ బస్సు ఎక్కవచ్చు. చలికాలమైతే మేలు. సూళ్ళూరుపేట వైపు నుంచి పోతే ఫ్లెమింగో కొంగలు కూడా కనబడతాయి.