షుగర్ గోలీ, కీళ్ల నొప్పి: తప్పెవరిది?

దసరా సెలవులకు నాగర్‌కర్నూల్ పోయేసరికి మా ఇంట్లో జొన్నరొట్టెలు అమ్మ తడుతోంది. అది ఎప్పుడూ నాయినమ్మ పని. చూస్తే ఆమె వేళ్లు వాచిపోయి ఉన్నాయి, పిడికిలి పడట్లేదు.

"గీ షుగర్ గోలీలే నా కీళ్లు తిన్నయ్ బిడ్డా. అందుకే బంద్ పెట్టిన" అంది.

మూడు వారాలుగా వేసుకోలేదట. పరగడుపున షుగర్ చూస్తే 268! కోపమొచ్చింది. కానీ కాస్త చదివాక అర్థమైంది, ఆమె అనుమానం ఉత్తదేం కాదని.

ఆమె వేసుకునేది సిటాగ్లిప్టిన్. విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ కూడా అదే కుటుంబం. మనం తిన్నాక పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 హార్మోన్ ఇన్సులిన్ విడుదలకు సాయం చేస్తుంది. డీపీపీ-4 అనే ఎంజైమ్ దాన్ని నిమిషాల్లోనే విరిచేస్తుంది. గ్లిప్టిన్లు ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. మెలిక ఎక్కడంటే, అదే ప్రొటీన్ సీడీ26 అనే పేరుతో రోగనిరోధక కణాల మీద కూడా ఉంటుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో సొంత కీళ్ల మీద దాడి చేసేది ఆ రోగనిరోధక వ్యవస్థే.

2015 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందులతో తీవ్రమైన కీళ్ల నొప్పి రావచ్చని హెచ్చరించింది. దాని ముందున్నవి 33 కేసులు. వాటిలో 8 మందికి మందు ఆపితే తగ్గిన నొప్పి, అదే రకం మందు మళ్లీ వేసుకుంటే తిరిగొచ్చింది. ల్యాబ్‌లో మనం ఒక్క వైరు పీకి, మళ్లీ పెట్టి చూస్తాం కదా, అలాగన్నమాట.

అయితే కీళ్ల నొప్పి వేరు, రుమటాయిడ్ వేరు. అదే 2015లో అమెరికా బీమా రికార్డుల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, గ్లిప్టిన్లు వాడేవాళ్లలో రుమటాయిడ్ తక్కువగా కనిపించింది. అదీ తుది తీర్పు కాదు. బరువు, పొగ తాగడం లాంటివి కూడా లెక్కను మారుస్తాయి. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం అయిపోదు.

డాక్టర్ మొదట అడిగింది రెండు తేదీలే: గోలీ ఎప్పుడు మొదలైంది, నొప్పి ఎప్పుడు మొదలైంది? పాత చీటీలు వెతికితే గోలీ రాసింది ఉగాది తర్వాత. సంక్రాంతి అప్పాలప్పుడే నాయినమ్మ పిండి పిసకలేక పక్కన పెట్టిందని అమ్మకు గుర్తుంది. ఫలితం ముందొచ్చి కారణం తర్వాత రాదు కదా! యాంటీ-సీసీపీ పరీక్ష పాజిటివ్ వచ్చింది. రుమటాయిడే. షుగర్ గోలీ నిర్దోషి.

ఇప్పుడు ఆమెకు మెథోట్రెక్సేట్ ఇస్తున్నారు. ఈ మందు మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధన బృందం నుంచి వచ్చింది. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

ఫ్రెండ్స్, మీ ఇంట్లోనూ షుగర్ గోలీలు ఉంటాయి. ఏది ఎప్పుడు మొదలుపెట్టారో చీటీ మీద రాసిపెట్టండి. పొద్దున లేవగానే అరగంటకు మించి చేతులు బిగుసుకుపోతున్నా, రెండు చేతుల వేళ్ల కీళ్లు వాస్తున్నా డాక్టర్‌కు చూపించండి. గోలీ ఆపాలా, మార్చాలా అన్నది ఆయన్నే చెప్పనివ్వండి.

నేను మాత్రం ప్రతి ఆదివారం హాస్టల్ నుంచి ఫోన్ చేస్తున్నా. "ఏసుకున్న గానీ, నువ్వు తిన్నవా?" అని ఎదురు అడుగుతుంది నాయినమ్మ.