బంతి ముట్టని ఆట



ఒక తండ్రి నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మావాడు రాత్రి చాల ప్రొద్దుపోవు వరకు ఫోను పట్టుకొని కూర్చుంటాడు. అడిగితే ఫుట్‌బాల్ ఆట అంటాడు. తీరా చూస్తే అందులో పరుగెత్తేవాడు ఒక్కడూ కనబడడు. అన్నీ పేర్లూ, అంకెలే. ఇదేమి ఆటండీ?" అని అడిగెను. ఈ ప్రశ్న అనేక గృహములలో ఉన్నది. తెలియని దానిని నిందించుట కంటె, తెలిసికొని తీర్పు తీర్చుట మేలు గనుక ఈ మాసము దీనినే పాఠముగా తీసికొందము.

ఈ ఆట ఎట్టిది?

క్రీడలకు సంబంధించిన వీడియో ఆటలు ముఖ్యముగా రెండు విధములు. మొదటి దానిలో మనము ఆటగాడి స్థానములో ఉందుము. మీట నొక్కగా తెరమీది మనుష్యుడు పరుగెత్తును, బంతి తన్నును. రెండవ దానిలో మనము మేనేజరు స్థానములో ఉందుము. ఎవరిని జట్టులో చేర్చుకొనవలెను, ఎవరికెంత జీతమియ్యవలెను, ఎవరిని ఏ స్థానమున నిలువబెట్టవలెను అని నిర్ణయించుటయే మన పని. జట్టు యజమానులు కోరిన ఫలితము రానియెడల మన ఉద్యోగమే పోవును.

ఇంగ్లండులో కెవిన్ టామ్స్ అనునతడు 1982లో 'ఫుట్‌బాల్ మేనేజర్' అను ఆటను వెలువరించెను. తరువాత పాల్ కాలియర్, ఆలివర్ కాలియర్ అను అన్నదమ్ములు చేసిన 'ఛాంపియన్‌షిప్ మేనేజర్' 1992లో వచ్చెను. ఆ కాలియర్ సోదరుల ఆటలో మొదట బొమ్మలే లేవు. పోటీలో జరుగు సంగతులు మాటలుగా మాత్రమే తెరమీద వచ్చుచుండెను. వారి సంస్థయే 2004 నుండి 'ఫుట్‌బాల్ మేనేజర్' అను పేరుతో ఆటలను వెలువరించుచు వచ్చినది. అమెరికా దేశపు బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ మొదలైన వాటికిని ఇట్టి ఆటలు కలవు. అక్కడి జట్లలో ఆట నేర్పు శిక్షకుడు వేరు, మనుష్యులను కూర్చు జనరల్ మేనేజరు వేరు.

ఇందులో నేర్చుకొనదగినది ఏమి? విడువదగినది ఏమి?

ఒకటవది: ఉన్నదానిలో సర్దుకొనుట

మేనేజరు చేతికి ఇంత ధనము అని ముందే లెక్క కట్టి ఇత్తురు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగులో 1994లో జట్టు మొత్తము జీతములకు ఒక పరిమితి ఏర్పరచిరి. పేరుగల ఒకనికి ఎక్కువ ఇచ్చినచో, మరి నలుగురికి తగ్గును. పంట డబ్బు చేతికి వచ్చిన దినమున ఎరువుల బాకీ, పిల్లల ఫీజు, ఇంటి కప్పు మూడును ఒకేసారి కన్నుల యెదుట నిలుచుట మనకు తెలిసినదే. ఈ ఆట ఆ బాధనే పిల్లవానికి ముందుగా చూపుచున్నది. ఇది మంచి పాఠము.

రెండవది: సిద్ధపరచి, ప్రక్కన నిలుచుట

పోటీ మొదలైన తరువాత మేనేజరు ఒకని తీసి ఇంకొకని పంపగలడు, ఆటతీరు మార్చుమని కేక వేయగలడు. బంతి మాత్రము తన్నలేడు. దీనికి మన హైదరాబాదులోనే గొప్ప మాదిరి కలదు. సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు రోవర్స్ కప్పు గెలిచెను. భారత జట్టు ఆయన చేతిక్రింద 1951లో ఆసియా క్రీడల స్వర్ణపతకము పొందెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానమున నిలిచెను.

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో మన జట్టు మొదటి పోటీ దక్షిణ కొరియా చేతిలో ఓడిపోయెను. రక్షణ వరుసలో ఆడు జర్నైల్ సింగ్ తలకు గాయమాయెను. అయితే రహీం అతనిని ప్రక్కన పెట్టలేదు. వెనుకటి వరుసనుండి తీసి, ముందువరుసలో ఆడించెను. అతడు సెమీఫైనలులోను ఫైనలులోను గోలు చేసెను. ఫైనలులో అదే దక్షిణ కొరియాను మనవారు 2–1 తేడాతో ఓడించిరి. మరుసటి సంవత్సరము జూన్‌లో రహీం కేన్సరుతో మరణించెను. ఆ ఫైనలులో ఆయన బంతి ముట్టలేదు. అయినను ఆ విజయములో ఆయన పాలు లేదని ఎవరనగలరు?

మూడవది: అంకె మనుష్యుడు కాడు

'ఫుట్‌బాల్ మేనేజర్'లో ప్రతి ఆటగానికిని వేగము, ఓర్పు, ధైర్యము మొదలైన గుణములకు 1 నుండి 20 వరకు అంకెలు వేసియుందురు. ముందు ముందు ఎంత గొప్పవాడగునో తెలుపు మరియొక అంకె లోపల దాచబడియుండును. ఈ లెక్క వేయుటకు నిజమైన ఆటలను చూచువారు అనేక దేశములలో ఉన్నారు. అయినను అంకె తప్పవచ్చును. అమెరికాకు చెందిన ఫ్రెడ్డీ అడూ 2004లో 14 యేండ్లకే పెద్ద లీగులో ఆడెను. ఆ కాలపు మేనేజరు ఆటలలో అతడు గొప్ప ఆటగాడగునని ఉండెను. నిజ జీవితములో అతడు క్లబ్బునుండి క్లబ్బుకు మారుచు వచ్చెను గాని, అందరు తలంచినంత ఎత్తునకు చేరలేదు.

ఆ తండ్రితో నేను, "పోట్లాడక, ఒక రాత్రి వాని ప్రక్కన కూర్చుండి ఆట వివరింపుమని అడుగుము" అంటిని. ఆయన అట్లే చేసి, కుమారుని తెలివికి సంతోషించి, ఇంటి లెక్కల పుస్తకము వానికిచ్చెను. రెండు దినములకు ఆ పిల్లవాడు, "నాన్నా, మన ముసలి జీతగాడిని మాన్పించి కుర్రవాణ్ణి పెట్టుకుంటే డబ్బు మిగులుతుంది" అనెనట. తండ్రి, "నీవు పుట్టిన రాత్రి వానలో మీ అమ్మను ఆసుపత్రికి బండిలో తీసికొనిపోయినది అతడే. ఆ సంగతి ఏ గడిలో వ్రాస్తావురా?" అనెను. పిల్లవాడు మారు మాట పలుకలేదు. ఆటలో ముసలి ఆటగానిని ఒక్క నొక్కుతో పంపివేయవచ్చును. అతనికి ఇల్లు లేదు, ఆకలి లేదు. మన యెదుట నిలిచినవానికి అవి ఉన్నవి.

నాలుగవది: వెనుకకు త్రిప్పుట

ఆటలో ఓడినవాడు, ముందు దాచుకొన్న చోటునుండి మరల మొదలుపెట్టవచ్చును. అందుచేతనే "ఇంకొక్క పోటీ" అని రాత్రి గడచిపోవును. తెరమీద పది సంవత్సరములు గడచును. ఇచ్చట పరీక్షల దినము వచ్చును. పోయిన నిద్రకు, చదువని పాఠమునకు దాచుకొన్న చోటు లేదు. కావున తలిదండ్రులారా, ఆటకు ఒక వేళ నిర్ణయించి, ఆ వేళ దాటనియ్యకుడి. యౌవనులారా, నిర్వహించుట మీకు ఇష్టమైనచో సంఘములోను గ్రామములోను జట్టులు కలవు. వాటికి మేనేజర్లు కావలెను.

కూటములలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మీ చేతిక్రింద పనిచేయువారిలో ఎవరిని మీరు అంకెగా మాత్రమే చూచుచున్నారు?

2. గాయపడిన మనుష్యునికి వేరొక స్థానము చూపిన సందర్భము మీ గ్రామములో ఉన్నదా?

3. మీ పిల్లవాడు ఆడు ఆటను వాని ప్రక్కన కూర్చుండి మీరు ఎన్నడైన చూచితిరా?