అమ్మకు వచ్చింది, నాకూ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 34. మా అమ్మకు 42వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. చికిత్స తర్వాత ఇప్పుడు బాగానే ఉంది. పిన్నికి అండాశయ క్యాన్సర్. నేను జన్యు పరీక్ష చేయించుకోవాలా? ముందుజాగ్రత్తగా మందులు వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పరీక్ష అవసరమేనమ్మా. అయితే ముందు చేయించాల్సింది మీకు కాదు, అమ్మగారికి. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. కానీ మీ ఇంట్లో ఇద్దరి జబ్బులూ కలిపి చూస్తే బీఆర్‌సీఏ జన్యువుల్లో లోపాన్ని అనుమానించాల్సిందే. అమ్మగారిలో అది కనిపిస్తే మీకు వచ్చే అవకాశం సగం. అప్పుడు మీలో ఆ ఒక్క లోపాన్నే వెతికితే చాలు. ఆమెను వదిలేసి మీకే చేస్తే, ‘ఏమీ లేదు’ అని వచ్చినా పూర్తిగా నమ్మలేం. మీ అన్నదమ్ములకూ ఈ లోపం రావచ్చు, వాళ్ల నుంచి వాళ్ల కూతుళ్లకూ. ఈ సంగతి చాలామందికి తెలియదు.

లోపం ఉన్న మహిళల్లో 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 70 శాతం. అందుకే మామోగ్రామ్‌తో పాటు ఏటా ఎమ్మారై చేస్తాం. పిల్లలు పుట్టాక అండాశయాలు తీయించుకోవడం గురించీ మాట్లాడతాం.

ఇక మందులు. టామోక్సిఫెన్ ముప్పును దాదాపు సగానికి తగ్గిస్తుందని 1998లో అమెరికా అధ్యయనం తేల్చింది. కానీ అది హార్మోన్లతో పెరిగే కణితులనే ఆపుతుంది. బీఆర్‌సీఏ జన్యువుల్లో ఒకటైన బీఆర్‌సీఏ1లో లోపం వల్ల వచ్చేవి ఎక్కువగా ఆ రకం కావు. రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది, గర్భిణులు వాడకూడదు. సొంతంగా మొదలుపెట్టకండి.

సంబంధాలు చెడతాయని ఈ విషయం దాచకండి. మీ పిన్ని కూతుళ్లకూ చెప్పండి.