ముంగిట్లో బడి

తిరువళ్ళూరు జిల్లాలోని తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలు ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్నాయి. తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోనిది. 1960 ఏప్రిల్ 1వ తేదీన అది అప్పటి మదరాసు రాష్ట్రంలో చేరింది. అందుచేత ఇక్కడ ఎన్నో ఇళ్ళలో తెలుగు, వీధిలో తమిళం వినిపిస్తాయి. పెద్దలకు ఇది అలవాటే. కాని పసిబిడ్డ మొట్టమొదటిసారి ఇల్లు దాటి అంగన్‌వాడీలో అడుగుపెట్టినప్పుడు ఏమవుతుంది?

ఈ ప్రాంతపు పల్లెలో ఒక నాలుగేళ్ళ పాపను తలచుకోండి. నాయన మగ్గం పని చేస్తాడు. అమ్మ చెరకు తోటకు కూలికి పోతుంది. రోజూ ఉదయం అవ్వ పాప చెయ్యి పట్టుకొని అంగన్‌వాడీలో దిగవిడిచి వస్తుంది. ఇంట్లో పాప నోటికి విశ్రాంతి ఉండదు. కోడిపిల్లలతో కూడా కబుర్లు చెబుతుంది. అంగన్‌వాడీలో మాత్రం మూలన ఒదిగి కూర్చుంటుంది. దాహం వేసినా అడగదు. "నీళ్ళు" అనాలో "తణ్ణి" అనాలో పాపకు తెలియదు. ఇలా కొన్నాళ్ళు గడిచాయి. "ఈ పిల్లకు మాటలు రావేమో" అన్నారు ఒకరు. "బుద్ధి మందమేమో" అన్నారు మరొకరు.

టీచరమ్మ తొందరపడి ఏమీ అనుకోలేదు. ఒకనాటి సాయంత్రం పాప ఇంటికి వెళ్ళింది. వాకిట్లో పాప అవ్వతో వామనగుంటలు ఆడుతున్నది. చింతగింజలు పంచుతూ గలగలా మాట్లాడుతున్నది. టీచరమ్మకు తెలుగు కొద్దిగానే వచ్చు. అయినా ఆ మాటల జోరు చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది.

"అవ్వా, రేపు వచ్చి ఈ ఆట మా పిల్లలతో కూడా ఆడించండి" అన్నది.

"నాకు చదువు రాదే తల్లీ! బళ్ళో నేనేం చెప్పేది?" అన్నది అవ్వ.

"చదువు అక్కరలేదవ్వా. మీరు వచ్చి ఆడితే చాలు."

మరునాడు అవ్వ వచ్చింది. వరుసకు ఏడు చొప్పున రెండు వరుసలుగా నేలమీద పద్నాలుగు గుండ్రాలు గీసింది. పిల్లలు చుట్టూ చేరి "పల్లాంగుళి! పల్లాంగుళి!" అని కేకలు వేశారు. పేర్లు రెండు, ఆట ఒక్కటే. అవ్వ గింజలు వేస్తూ "ఒకటి, రెండు" అని లెక్కపెట్టింది. పిల్లలు "ఒణ్ణు, రెండు" అన్నారు. వాడుక తమిళంలో కూడా రెండును రెండు అనే అంటారు. ఆ మాట అందరి నోటా ఒక్కసారిగా వచ్చేసరికి పాప ఫక్కున నవ్వింది. "మూడు!" అని గట్టిగా అరిచింది. "మూణు!" అన్నాడు పక్కనున్న పిల్లవాడు. ఆనాడు పాప నీళ్ళు అడిగి తాగింది.

ఈ ఆటలో చదువు ఎక్కడున్నది? ఒక్కొక్క గింజనే వేళ్ళ కొసలతో తీసి వేయడం వల్ల వేళ్ళకు పట్టు కుదురుతుంది. ఆ వేళ్ళే రేపు బలపం పట్టుకొంటాయి. గుంటకు ఐదు చొప్పున వేస్తే పద్నాలుగు గుంటలకు డెబ్బై గింజలు కావాలి. ఎక్కాలు రాని పిల్లలకు కూడా సమంగా పంచడమంటే ఏమిటో తెలుస్తుంది. తన వంతు వచ్చేదాకా ఓపిక పట్టడం అలవడుతుంది. అయితే చిన్నపిల్లలు గింజలను నోటిలోనో ముక్కులోనో పెట్టుకొనే ప్రమాదం ఉన్నది. పెద్దలు పక్కనే ఉండి ఆడించాలి.

ఆటపాటలతో చదువు చెప్పాలనే ఆలోచన కొత్తది కాదు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల బడి ప్రారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అంటే 'పిల్లల తోట' అని పేరు పెట్టాడు. ఇటలీ దేశస్థురాలు మరియా మాంటిస్సోరి 1939లో మదరాసుకు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం నెలకొల్పాడు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్, తరువాత అనుతాయి వాఘ్‌తో కలిసి 1945లో బోర్డీ గ్రామంలో పేదపిల్లల కోసం కృషి ఆరంభించింది. పిల్లలు బడికి రాకపోతే వారు బడినే పిల్లల ముంగిటికి తీసుకొనిపోయారు. ఖరీదైన బొమ్మలకు బదులు గవ్వలు, గులకరాళ్ళు, ఆకులు వాడారు. 'అంగన్' అంటే ముంగిలి. అంగన్‌వాడీ అనే పేరులో ఆ భావమే ఉన్నది.

1975 అక్టోబర్ 2వ తేదీన కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకాన్ని ప్రారంభించింది. దీని క్రింద అంగన్‌వాడీలలో పిల్లలకు ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలతో పాటు మూడు నుండి ఆరేళ్ళ వారికి ఆటపాటల చదువు కూడా అందుతుంది. ఇంటి భాషలోనే చిన్నపిల్లల చదువు సాగితే మేలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది.

పసిపిల్లలకు మొదటి బడి ఇల్లు. అమ్మ పప్పులో రాళ్ళు ఏరుతూ పేర్లు చెబితే అది పాఠమే. నాయన నూలు రంగులు చూపితే అదీ పాఠమే. అవ్వ కథ చెబితే అంతకుమించిన పాఠం లేదు. ఇంటివారు అంగన్‌వాడీకి వస్తే, ఇంట్లో నేర్చిన తెలుగు బయట నేర్చే తమిళానికి అడ్డు కాదు, ఆసరా అవుతుంది. మాట్లాడని బిడ్డను చూసి తెలివిలేనిదని తీర్పు చెప్పరాదు. ఆ బిడ్డ మాట వినిపించే ముంగిలిని వెదకాలి. మీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే ఆ పని నేడే మీరు మొదలుపెట్టవచ్చు.

అభ్యాసం

1. అంగన్‌వాడీలో పాప ఎందుకు మాట్లాడలేదు?
2. "నాకు చదువు రాదే తల్లీ!" - ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు?
3. వామనగుంటల ఆట వల్ల పిల్లలు ఏమేమి నేర్చుకొంటారు?
4. అంగన్‌వాడీ అనే పేరులోని భావాన్ని వివరించండి.
5. మీ అవ్వను, తాతను అడిగి వారు చిన్ననాడు ఆడిన మూడు ఆటల పేర్లు తెలుగులోను, తమిళంలోను రాయండి. వాటిలో ఒకదానిని మీ ఇంటి చిన్నపిల్లలకు నేర్పండి.