వాద్యరక్షణము - దైవసేవ

నాదము పరబ్రహ్మస్వరూపము, వాద్యము ఆ నాదమునకు పీఠము. యాజ్ఞవల్క్యస్మృతి వీణావాదనమును మోక్షసాధనములలో చేర్చినది. అట్టి వాద్యమును శరన్నవరాత్రులలో పసుపుకుంకుమలతో పూజించి, తక్కిన దినములందు తడిగోడకు ఆనించియుంచుట పూజ కానేరదు. విగ్రహమునకు వలెనే వాద్యమునకును నిత్యోపచారము కావలెను.

గౌతమీవసిష్ఠల నడుమ, సముద్రతీరమున నెలకొన్న కోనసీమ నాదోపాసకులకు పుట్టినిల్లు. డాక్టర్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో రాజోలు ప్రాంతమునందలి శంకరగుప్తమున జన్మించిరి. వారి తల్లి వైణికురాలు, తండ్రి వేణువిద్వాంసులు. కాలువలు, కొబ్బరితోటలు, కడలిగాలి ఈ సీమకు శోభ. కొయ్యవాద్యములకు మాత్రము అవియే పరీక్ష.

కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బును; వేడికి ఆ తేమను విడిచి కుంచించుకొనును. ఈ మార్పు నారపొడవున స్వల్పము, అడ్డముగా అధికము. కావున ఒక స్థితినుండి మఱియొక స్థితికి ఆకస్మికముగా మారుటయే మిక్కిలి హానికరము. శ్రావణభాద్రపదములలో చెమ్మగిల్లిన మృదంగమును ఎండలోనో, పొయ్యిచెంతనో పెట్టుట పొరపాటు. తొందరగా ఆరిన పనసకొయ్య బీటవాఱును. మూతల చర్మము బిగిసి చిట్లును. గాలియాడు నీడపట్టున మెల్లగా ఆరనీయవలెను.

వీణ విషయమున మఱియొక సూక్ష్మము కలదు. దాని 24 మెట్లు మైనముపై అమరియుండును. ఎండవేడికి మైనము మెత్తబడి మెట్టు కదలినచో స్వరస్థానము తప్పును. అతుకుల వీణకు అతుకులు విడుటయు కలదు. ఒకే పనసమానునుండి మలచు బొబ్బిలి ఏకాండివీణకు ఆ భయము తక్కువే గాని, పగుళ్ళ భయము తప్పదు. కనుక ఎండలో నిలిపిన కారులో వీణ నుంచరాదు. శీతలీకరించిన గదినుండి వెలుపలికి తెచ్చినపుడు కొంతసేపు పెట్టెలోనే ఉంచి పిదప తీయవలెను.

ఆలయములలో అభిషేకజలము పారుచోట, వంటశాల ప్రక్కన, దీపముల సెగ తగులు తావున వాద్యముల నుంచరాదు. గోడకు జేనెడు ఎడముగా, ఎత్తైన కొయ్యబల్లపై నుంచుట మేలు. 1986 ఆగస్టు గోదావరి వరదను, 1996 నవంబరు తుపానును చవిచూచిన సీమలో ఆ ఎత్తు నీటినుండియు కొంత రక్ష. గవిసెన నూలుగుడ్డతో కుట్టింపవలెను. ప్లాస్టిక్ లోపలి తేమను వెలికి పోనీయదు. వాయించిన పిమ్మట చేతిచెమట పొడిగుడ్డతో తుడిచి, మృదంగపు ఎడమమూతకు పెట్టిన రవ్వముద్దను తీసివేయవలెను. సన్నాయిలోని తడిని తుడిచి, పీకను నీడన ఆరనీయవలెను.

అన్నిటికంటె మిన్నయైన రక్ష నిత్యసాధనయే. దినదినము చేత పట్టువాడే బీటను వెండ్రుకవాసిగ నున్నపుడే గుర్తించి, పనివానికి చూపగలడు. వేకువసేవలో మ్రోగవలసిన సన్నాయి మూగవోయినచో స్వామికైంకర్యమున ఒక అంగము లోపించును. వాద్యమును కాపాడుట ఆ కైంకర్యమును కాపాడుటయే.